తనువే ప్రయోగశాల

వేసవికాలము వచ్చినంతనే కర్నూలు, కడప జిల్లాల బాలురు లోతైన బావులలో దూకి ఈత నేర్చుకొందురు. అడుగువఱకు మునిగినవానికి చెవులు నొప్పిపుట్టును. నీటి బరువు కర్ణభేరిపై ఒత్తుటయే దానికి కారణము. నీట పదిమీటర్లు దిగునప్పటికి ఒత్తిడి నేలపై ఉన్నదానికి రెట్టింపగును. అట్లయిన సముద్రగర్భమునకు దిగువాని గతి యేమి? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుటకై తన తనువునే ప్రయోగశాలగా చేసికొన్న మహనీయుడు జె. బి. యస్. హాల్డేను.

హాల్డేను 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. ఆయన తండ్రి జాన్ స్కాట్ హాల్డేను శరీరధర్మ శాస్త్రమున ఉద్దండుడు. సముద్రమున మునిగి పనిచేయువారు వేగముగా పైకి వచ్చినచో కీళ్లనొప్పులతో విలవిలలాడుచుండిరి, కొందఱు మరణించుచుండిరి. లోతున ఒత్తిడిచే శరీరమున కరగిన నత్రజని, ఒత్తిడి తటాలున తగ్గినంతనే బుడగలై వెలువడును. గోలీసోడా కొట్టినంతనే పొంగుట ఇట్టిదే. ఎంత లోతున ఎంతసేపున్నవాడు ఎచ్చటెచ్చట ఆగుచు పైకి రావలయునో తెలుపు పట్టికలను ఆ తండ్రి మేకలపై పరీక్షించి, సహచరులతో కలసి 1908లో ప్రకటించెను. కుమారుని సైతము పదమూడేండ్ల ప్రాయముననే సముద్రమున దింపెను. మునుగుదుస్తులు వదులగుటచే చల్లని నీరు లోనికి చొచ్చినను బాలుడు వెఱవలేదు.

1939 జూన్ 1వ తేదీన లివర్‌పూల్ సమీపమున థీటిస్ అను జలాంతర్గామి మునిగిపోయెను. అందలి 103 మందిలో నలుగురు మాత్రమే బ్రతికి బయటపడిరి. తక్కినవారి మరణకారణము తెలిసికొనుటకు హాల్డేను పూనుకొనెను. నాటికి ఆయన లండనులో ఆచార్యుడు, వయస్సు నలువదియాఱు. అయినను ఇతరులను ముందుకు త్రోసి తాను వెనుక నిలువలేదు. ఉక్కుగదిలో కూర్చుండి, గాలి ఒత్తిడిని పెంచుకొని, చెడుగాలి పీల్చిన కలుగు మార్పులను తనయందే పరీక్షించుకొనెను. కరగుచున్న మంచునీట మునిగియుండి చలి ప్రభావమును కనుగొనెను. సహచరులును స్వచ్ఛందముగా ఆ కష్టములలో పాలుపంచుకొనిరి.

ప్రాణములను నిలుపు ప్రాణవాయువే ఒత్తిడి మిక్కుటమైనచో విషమగునని ఈ పరీక్షలు స్పష్టము చేసెను. ఒక పర్యాయము దానిచే మూర్ఛ కలిగి హాల్డేను వెన్నెముక దెబ్బతినెను. కర్ణభేరియు చిల్లిపడెను. ఆయన మాత్రము పని మానలేదు.

నేడు అండమాను దీవుల వెచ్చని నీటిలో పగడపుదిబ్బలు చూడగోరి, వీపున గాలిసీసా కట్టుకొని మునుగువారు కలరు. వెచ్చని నీట చలి బాధింపదు; ఇంకను కొంతసేపు ఉండవలెనన్న కోరిక పుట్టును. కాని నత్రజని అచ్చటను కరగుచునే యుండును. కావున వివేకవంతుడు ఒడ్డుననే సమస్తము నిశ్చయించుకొనును: ఎంత లోతు దిగవలయును, ఎన్ని నిమిషము లుండవలయును, తిరిగి వచ్చుటకు ఎంత గాలి మిగుల్చవలయును, తోడు ఎవరు, ఎచ్చట ఆగవలయును. ఈ లెక్క వెనుక హాల్డేను తండ్రికొడుకుల శ్రమ కలదు.

హాల్డేను 1957లో భారతదేశమునకు వచ్చి కలకత్తాలోని గణాంక పరిశోధన సంస్థలో చేరెను. పిదప భారత పౌరుడై, మన వస్త్రములు ధరించి, శాకాహారియై జీవించెను. తుదకు భువనేశ్వరమున పరిశోధనలు సాగించుచు 1964 డిసెంబరు 1వ తేదీన కేన్సరు వ్యాధిచే కన్నుమూసెను. తన కళేబరము దహనమునకుగాక విద్యార్థుల చదువునకు ఉపయోగపడవలెనని ఆయన ముందే వ్రాసియుంచెను. ఆ కోరిక ననుసరించి దానిని మన కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేర్చిరి. బ్రతికియున్నప్పుడు జ్ఞానమునకై కష్టపడిన ఆ తనువు, మరణానంతరము తెలుగు విద్యార్థులకు పాఠమయ్యెను.