కణవృద్ధికి కళ్ళెం

గోదావరి డెల్టాలోని భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొన్నారు. అంతకు మించిన దెబ్బ ఇంట తగిలింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి సోదరులిద్దరు కొద్దిరోజుల వ్యవధిలో బలియైనారు. అదే వ్యాధి తననూ పట్టి పీడించగా, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు.

తరువాత ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డులో ఫిస్కేతో కలసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించినా, అక్కడ శాశ్వతోద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. స్ప్రూ రోగుల రక్తహీనతను మాన్పే ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కోల్పోయినవానికి ఇది సామాన్య విజయం కాదు.

కాని ఆ ఔషధమే మరొక రోగానికి ఆహారమైంది. మన ఎముకమజ్జలో బి-కణాలనే తెల్లరక్తకణాలు నిత్యం పుడుతుంటాయి. వానిలో లోపమున్నవి, స్వశరీరాన్నే శత్రువుగా భావించేవి చాలవరకు పరిణతికి ముందే నశిస్తాయి. ఈ సమతౌల్యం తప్పి అపక్వకణాలు అదుపులేక పెరిగితే అది ల్యుకేమియా. పిల్లలకు వచ్చే తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో అధికభాగం బి-కణ సంతతిదే. ఆనాటికి బి-కణమన్న పేరే పుట్టలేదు! ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలతో ఈ వ్యాధి ఉద్ధృతమగుటను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. విభజన చెందే కణానికి డి.ఎన్.ఎ. నిర్మాణంలో ఫోలిక్ ఆమ్లం అవసరం. రూపంలో దానిని పోలి, పనిలో దానిని అడ్డగించే పదార్థం దొరికితే కణవృద్ధి ఆగాలి కదా! సుబ్బారావు బృందం అట్టి అమినోప్టెరిన్‌ను సిద్ధపరచింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలకు గాను 10 మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా అంతకుముందు అదీ లేదు.

దాని సోదర ఔషధమే మెథోట్రెక్సేట్. నేడు బెంజ్ సర్కిల్ పరిసరాల వైద్యులు సైతం రోగనిరోధక కణాల అతిచర్య వలన కలిగే కీళ్ళవాతానికి దానిని స్వల్పమోతాదులో వాడుతున్నారు. బోదకాలుతో బాధపడిన మన డెల్టా పల్లెలకు ఆయన పర్యవేక్షణలో వెలువడిన హెట్రజాన్ మరింత చేరువ.

1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూశారు. విదేశానికి వెళ్ళిన ఆయన మరల స్వదేశాన్ని చూడలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు.