జాన్ వుల్మన్: సత్యమైన పలుకు, నిరాడంబరమైన బ్రతుకు

న్యూజెర్సీ సీమ ఇంగ్లండు రాజునకు లోబడిన వలసరాజ్యముగా ఉన్న దినములలో, 1720వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన, అచటి రాన్‌కోకస్ ప్రాంతమున ఒక సేద్యగాని ఇంట జాన్ వుల్మన్ జన్మించెను. పదుముగ్గురు బిడ్డలలో అతడు నాలుగవవాడు. తల్లిదండ్రులు క్వేకరులు, అనగా స్నేహితుల సంఘమునకు చెందినవారు. వారి ఆరాధన కూటములలో పాదిరి ప్రసంగము లేదు. అందరును మౌనముగా కనిపెట్టుకొని కూర్చుండగా, ఆత్మచేత ప్రేరేపింపబడినవారు లేచి పలుకుదురు. న్యాయస్థానమున సైతము క్వేకరులు ఒట్టు పెట్టుకొనరు. ఒట్టు పెట్టినప్పుడు ఒక నిజము, పెట్టనప్పుడు మరియొక నిజము విశ్వాసికి ఉండరాదని వారు కొండమీది ప్రసంగమునుండి నేర్చుకొనిరి.

బాల్యమున వుల్మన్ ఒక దినము గూటియొద్దనున్న తల్లిపక్షిని ఆటగా రాయి విసరి చంపెను. పిదప తల్లిలేని పిల్లలు ఆకలితో మాడి చచ్చునని తోచి, వాటినికూడ చంపవలసివచ్చెను. ఆ క్రూరత్వము అతని మనస్సును బహుగా బాధించెను. యౌవనమున ఒక కూటములో లేచి మాటలాడి, దేవుడు తనకిచ్చిన దానికంటె కొంత ఎక్కువ పలికితినని గ్రహించి, కొన్ని వారములు దుఃఖపడెను. ఆ మాటలు అబద్ధములు కావు, అధికమైనవి మాత్రమే. అట్లు అధికముగా పలుకుటయు సత్యమునకు హాని చేయునని అతడు ఆనాడు నేర్చుకొనెను.

ఇరువదియొకటవ యేట అతడు మౌంట్ హోలీ అను ఊరిలో ఒక వర్తకుని కొట్టులో లెక్కలు వ్రాయు కొలువునకు చేరెను. యజమానుడు తనయొద్దనున్న నల్లజాతి బానిస స్త్రీని ఒకనాడు అమ్మివేసి, కొనువాడు కనిపెట్టుకొని యుండగా, విక్రయపత్రము వ్రాయుమని వుల్మన్‌కు ఆజ్ఞాపించెను. కొనువాడు క్వేకరు సంఘమునకే చెందిన వృద్ధుడు. ఆలోచించుకొనుటకు వ్యవధి లేదు. తాను జీతము పుచ్చుకొను సేవకుడు, ఆజ్ఞ యజమానునిది అనుకొని, వణకు మనస్సుతో వుల్మన్ ఆ పత్రము వ్రాసెను. అయితే బానిసలను ఉంచుకొనుట క్రైస్తవమునకు తగదని తాను నమ్ముచున్నట్లు వారిద్దరి యెదుటనే చెప్పెను. ఆ మాట అతని భారమును కొంత తగ్గించెను గాని పూర్తిగా తీసివేయలేదు. నోరు సత్యము పలికినను, చేయి ఆ స్త్రీని అమ్మివేసెను. ఆ పని నుండి తన్ను మినహాయింపుమని స్పష్టముగా అడుగవలసినదని అతడు తరువాత తన దినచర్య గ్రంథములో దాచక వ్రాసికొనెను.

కొంతకాలమునకు మరియొక యౌవనస్థుడు అట్టి పత్రమే వ్రాసిపెట్టుమని వచ్చినప్పుడు వుల్మన్ నెమ్మదిగా నిరాకరించెను. ఆ దినములలో వీలునామాలు వ్రాయుటవలన అతనికి రాబడి కలుగుచుండెను. అయినను బానిసలను పిల్లలకు ఆస్తిగా పంచు వీలునామా వ్రాయుటకు అతడు ఒప్పుకొనలేదు. ఒకమారు గాయపడిన పొరుగువాడొకడు వీలునామా వ్రాయ పిలిచెను. వుల్మన్ తక్కిన భాగమంతయు వ్రాసి, బానిస పిల్లను గూర్చిన సంగతిమాత్రము విడిచి, వ్రాతకూలి పుచ్చుకొనక, తన కారణమును మృదువుగా తెలియజెప్పెను. వారిద్దరును ఆ విషయము ముచ్చటించుకొనిరి. కడకు ఆ మనుష్యుడు ఆమెను విడుదల చేయుటకు సమ్మతించగా వుల్మన్ ఆ వీలునామాను ముగించెను. ద్వేషములేని సూటి మాట ఒక ప్రాణమును విడిపించెను.

1749లో అతడు శారా ఎల్లిస్ అను యువతిని వివాహమాడెను. స్వంత వర్తకము దినదినము వర్ధిల్లెను. ఎవరైనను సంతోషించు సమయమున అతడు భయపడెను. వర్తకము పెరిగినకొలది మనస్సు చిక్కులలో పడునని, కోరికలు పెరిగినకొలది వాటిని తీర్చుటకు ఎవరో ఒకరు మితిమీరి చాకిరి చేయవలెనని అతడు గ్రహించెను. పేదలు కొనవచ్చినప్పుడు, వెలగల సరకు మాని ఉపయోగకరమైనదియు చౌకయైనదియు తీసికొనుడని అతడే సలహా చెప్పుచుండెను. 1756లో వర్తకమును విడిచి, కుట్టుపనితోను పండ్లతోటతోను తృప్తిపడెను. అతని నిరాడంబరత అతని నోటికి స్వేచ్ఛనిచ్చెను. పోగొట్టుకొనుటకు కొంచెమే గలవాడు ధనవంతుల ముఖము చూచి మాట మార్చనక్కరలేదు.

1746లోను 1757లోను అతడు దక్షిణ వలసరాజ్యములలో సంచరించెను. బానిసల యజమానుల ఇండ్లలో బస చేయవలసివచ్చినప్పుడు, ఉచిత ఆతిథ్యము తన నోరు మూయునని యెంచి, తనకు ఉపచారము చేసిన బానిసలకు వెండి నాణెములు ఇచ్చెను, లేదా వారికిమ్మని యజమానుల చేతికిచ్చెను. 1754లో బానిసత్వమును గూర్చి అతడు రచించిన చిన్న గ్రంథము అచ్చుపడెను. 1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభలో పలువురు ఈ సంగతిని వాయిదా వేయగోరగా, వుల్మన్ లేచి గంభీరముగా మాటలాడెను. బానిసలను కొని అమ్మువారిని సంఘకార్యములనుండి తొలగింపవలెనని, బానిసలను ఉంచుకొనినవారిని ఇంటింట దర్శించి బుద్ధిచెప్పవలెనని ఆ సభ తీర్మానించెను. ఆ దర్శకులలో వుల్మన్ ఒకడు.

మురికిని కప్పిపుచ్చుటకే బట్టలకు రంగు వేయుదురని తోచి, 1760 తరువాత అతడు రంగు వేయని వస్త్రములను, సహజవర్ణముగల టోపీని ధరించెను. స్నేహితులలో కొందరు అతనికి దూరమైరి. అట్టి టోపీలు కొందరు షోకుకు ధరించుచున్న కాలమగుటచేత, అతడును వేషమునకే అట్లు చేయుచున్నాడని మరికొందరు తలంచిరి. ఆ అపార్థమును సహించుట అతనికి సులభము కాలేదు.

1763లో, సరిహద్దులలో యుద్ధము రేగియుండగా, అతడు సస్క్వెహానా నదీప్రాంతమునందలి వయలూసింగ్ అను ఆదివాసుల గ్రామమునకు వెళ్లెను. ఒక కూటములో దుబాసీలకు అనువాదము కష్టమగుటచేత, అనువాదము లేకయే ప్రార్థించెదనని చెప్పి ప్రార్థించెను. భాష తెలియకపోయినను ఆ పలుకుల ఊట ఎక్కడనున్నదో పాపునహాంగ్ అను నాయకుడు గుర్తించి ఆనందించెను.

1772 మే నెలలో అతడు ఇంగ్లండునకు ప్రయాణమాయెను. ఓడలోని గది అనవసరమైన చెక్కడములతో అలంకరింపబడియుండుట చూచి, నావికులతో కలిసి చీకటియు తేమయుగల క్రింది భాగములో పయనించి, వారి దుర్భర జీవితమును కన్నులార చూచెను. ఆ దేశములో గుఱ్ఱపుబండ్ల వేగముకొరకు గుఱ్ఱములు చచ్చుచున్నవనియు, బండ్లు తోలు బాలురు చలికి నశించుచున్నారనియు విని, బండి ఎక్కక కాలినడకను ఉత్తరదిశగా సాగెను. తనకు ఉత్తరములుకూడ ఆ బండ్లమీద పంపవలదని మిత్రులను వేడుకొనెను. యార్కు నగరము చేరిన కొలదిదినములకే మశూచి సోకి, అక్టోబరు 7వ తేదీన, ఏబదిరెండేండ్లు నిండకమునుపే ప్రభువునందు నిద్రించెను.

1774లో అతని దినచర్య గ్రంథము అచ్చుపడెను. 1776లో ఫిలడెల్ఫియా వార్షిక సభ, బానిసలను విడువనొల్లనివారిని సంఘసభ్యత్వమునుండి తొలగించుటకు నిర్ణయించెను. అమెరికా దేశమంతట బానిసత్వము రద్దగుటకు 1865 వరకు పట్టెను. ఆ దినమును వుల్మన్ చూడలేదు.

ప్రియ చదువరీ, వుల్మన్ గొప్ప వక్త కాడు, అధికారి కాడు. ఒకసారి భయపడి వ్రాసిన కాగితమును అతడు మరచిపోలేదు. ఆ తప్పును సమర్థించుకొనక, రెండవమారు అట్టి కాగితము వ్రాయకుండెను. మన చేతిమీదుగా పోవు పత్రములలో, మనము చేయు బేరములలో, మౌనముగా అంగీకరించు మాటలలో ఎవని బ్రతుకు ఇమిడియున్నదో ప్రభువు సన్నిధిని విచారించుకొందము. మనకు ఎంత తక్కువ చాలునో తెలిసికొనినయెడల, సత్యము పలుకుట మనకును అంత సులభమగును.