వంతెన కింద వల కట్టించిన ఇంజనీర్.. 19 మంది బతికారు, కానీ!

పది లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణం. 1930ల అమెరికాలో పెద్ద నిర్మాణాల దగ్గర వేసుకునే లెక్క ఇది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ బ్రిడ్జి ఖర్చు దాదాపు 3.5 కోట్ల డాలర్లు. అంటే 35 మంది పోయినా మామూలే అన్నమాట! ఆ లెక్కను ఒప్పుకోని వ్యక్తి చీఫ్ ఇంజనీర్ జోసెఫ్ స్ట్రాస్.

1870లో సిన్సినాటిలో పుట్టిన స్ట్రాస్ పొట్టి మనిషి. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడబోయి ఆసుపత్రి పాలయ్యారని, అక్కడి కిటికీలోంచి కనిపించే వంతెనను చూసే ఈ పిచ్చి పట్టుకుందని చెబుతారు. పడవ వస్తే పైకి లేచే వంతెనలు వందల్లో డిజైన్ చేశారు. కవిత్వం కూడా రాసేవారు.

గోల్డెన్ గేట్ పని 1933 జనవరిలో మొదలైంది. సైట్‌లో తలకు హార్డ్ హ్యాట్ ఉండాల్సిందే. ఎత్తు మీద విన్యాసాలు చేస్తే ఉద్యోగం ఊడినట్టే. సేఫ్టీ తాళ్లు, కళ్లకు గాగుల్స్, సైట్‌లోనే చిన్న ఆసుపత్రి.. అన్నీ పెట్టించారు. రివెట్లు కొట్టేటప్పుడు వేడికి పెయింట్‌లోని సీసం పొగై ఊపిరితిత్తుల్లోకి పోయేది. దానికి మాస్కులు ఇచ్చారు.

అన్నిటికన్నా పెద్ద ఏర్పాటు వల. సుమారు లక్షా 30 వేల డాలర్లు పెట్టి, సర్కస్‌లో కట్టినట్టు వంతెన కింద కట్టించారు. 19 మంది అందులో పడి బతికారు. వాళ్లు తమ గుంపుకు పెట్టుకున్న పేరేంటో తెలుసా? నరకానికి సగం దారి క్లబ్!

దాదాపు నాలుగేళ్లలో చనిపోయింది ఒక్కరే. ఇక గండం గడిచినట్టే అనుకుంటుండగా, 1937 ఫిబ్రవరి 17న కార్మికులు నిలబడ్డ పరంజా ఊడి వల మీద పడింది. మనుషుల్ని ఆపిన వల, టన్నుల బరువును ఆపలేక చిరిగిపోయింది. 12 మంది కిందికి పోయారు. బతికింది ఇద్దరే. పైన బిగింపు సరిగా లేకపోతే కింద ఎంత గట్టి వల ఉన్నా అంతే మరి.

స్ట్రాస్ మీద ఒక మచ్చ కూడా ఉంది. వంతెన డిజైన్ లెక్కలు చాలావరకు చేసింది చార్లెస్ ఎల్లిస్ అనే ఇంజనీర్. ఆయన్ని 1931లోనే పని నుంచి తప్పించారు. పేరు కూడా దక్కనివ్వలేదు. కూలీల ప్రాణాల విషయంలో ఉన్న పెద్ద మనసు ఇక్కడ కనిపించదు.

1937 మే 27న వంతెన తెరుచుకుంది. ఏడాది తిరగకముందే, 1938 మే 16న స్ట్రాస్ లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూశారు. బ్రిడ్జి దగ్గర ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది.