ఓడించడం కష్టమైన వీరుడు – టైగ్రాన్ పెట్రోసియన్

ఈసారి గోడ పత్రికకు నేను చదరంగంలో ప్రపంచ చాంపియన్ అయిన టైగ్రాన్ పెట్రోసియన్ జీవితం రాస్తున్నాను.

ఆయన 1929 జూన్ 17న జార్జియా రాజధాని టిబిలిసిలో పుట్టాడు. అప్పుడు జార్జియా సోవియట్ యూనియన్‌లో ఉండేది. 2025లో మన కోనేరు హంపి మహిళల ప్రపంచ కప్ ఫైనల్ ఆడింది కూడా ఈ జార్జియాలోనే, బటూమి అనే ఊళ్లో. పెట్రోసియన్ తల్లిదండ్రులు ఆర్మేనియా జాతివాళ్లు. టిబిలిసిలో పిల్లల కోసం ఉన్న పయనీర్ భవనంలో ఎబ్రాలిడ్జే అనే గురువు ఆయనకు ఆట నేర్పాడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయారు. పిల్లవాడు బతకడానికి వీధులు ఊడ్చాడు. ఆ కాలంలోనే చెవులు కూడా సరిగ్గా వినపడకుండా అయినాయి. అయినా ఆట మాత్రం ఇడిచిపెట్టలేదు. 1946లో ఆర్మేనియా చాంపియన్ అయ్యాడు. 1949లో మాస్కో చేరాడు. 1952లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు.

ఆయన ఆట వేరే తీరు. చేనులో పశువులు పడకముందే కంప కొట్టినట్టు, ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ముందే కనిపెట్టి దాన్ని ఆపేవాడు. 1953లో జ్యూరిచ్‌లో రెషెవ్‌స్కీ మీద కష్టంలో పడ్డప్పుడు, తన ఏనుగును కావాలనే ఒంటెకు అప్పగించి, దారి మూసి, ఆట డ్రా చేశాడు. చదరంగం నేర్చుకునేవాళ్లు ఆ ఎత్తును ఇప్పటికీ చూస్తారు.

1962లో క్యూరసావ్ పోటీలో 27 ఆటలు ఆడి ఒక్కటి కూడా ఓడలేదు. 1963లో బోత్విన్నిక్ మీద మొదటి ఆటే ఓడిపోయాడు. కానీ బెదరలేదు. చివరకు 12½–9½ తేడాతో గెలిచి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1966లో స్పాస్కీ మీద 12½–11½తో కిరీటం నిలుపుకున్నాడు. ఆ మ్యాచ్ పదో ఆటలో మంత్రినే బలి ఇచ్చి గెలిచాడు. అంటే దాడి చేయడం రాక కాదన్నమాట!

1969లో అదే స్పాస్కీ చేతిలో కిరీటం పోయింది. 1971లో తైమనోవ్‌ను, లార్సెన్‌ను 6–0తో ఓడించి వచ్చిన ఫిషర్‌ను రెండో ఆటలో ఓడించింది ఈయనే. మ్యాచ్ మాత్రం ఫిషర్ గెలిచాడు. 1958 నుండి 1978 దాకా ఒలింపియాడ్‌లలో 129 ఆటలు ఆడితే, ఓడింది ఒక్కటే!

1984 ఆగస్టు 13న క్యాన్సర్‌తో మాస్కోలో చనిపోయాడు. 2018లో ఆర్మేనియా ప్రభుత్వం 2000 డ్రాముల నోటు మీద ఆయన బొమ్మ వేసింది. ఒకప్పుడు వీధులు ఊడ్చిన చేతులవి!

డ్రాలు ఎక్కువ చేస్తాడని ఆయనను చాలామంది విమర్శించారు. మన హాస్టల్‌లో కూడా ఆట డ్రా చేసినోళ్లను పిరికోళ్లని ఎక్కిరిస్తారు. నా అభిప్రాయం వేరు. భయంతో డ్రా అడగడం ఒకటి, ఓడిపోయే ఆటను బుద్ధితో నిలబెట్టడం ఇంకొకటి. అమ్మానాన్న లేకపోయినా, చెవులు వినపడకపోయినా పెట్రోసియన్ నేర్చుకున్నది ఈ రెండోదే. మనకు ముందుగా రావాల్సిన ఎత్తు కూడా అదే.