తిన్నది ఒంటబట్టని రోగము: యల్లాప్రగడ సుబ్బారావు

కడుపులో ఎడతెగని బాధ, నెలల తరబడి విరేచనములు, పుండ్లుపడిన నాలుక, నానాటికి క్షీణించు శరీరము. ఈ లక్షణములు గల వ్యాధిని మన పెద్దలు సంగ్రహణి యనిరి. పాశ్చాత్య వైద్యులు స్ప్రూ యనిరి. అన్నము తినుచున్నను, అందలి సారమును ప్రేగులు గ్రహింపజాలవు. నూఱేండ్ల క్రిందట దీని మర్మము వైద్యులకును అంతుపట్టలేదు. ఒక తెలుగింట ఈ రోగము ఇద్దరు సోదరులను పొట్టనబెట్టుకొని, మూడవవానిని చావు అంచునకు గొనిపోయి విడిచెను. ఆ మూడవవాడే సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జగన్నాథము, వెంకమ్మ దంపతులకు జన్మించెను. రాజమహేంద్రవరమున చదువు ఆరంభమయ్యెను. మెట్రిక్యులేషను రెండుమాఱులు తప్పి, మూడవమాఱు మద్రాసులో గట్టెక్కెను. పిదప మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాశాలకు పోవుటచే ఆంగ్లేయాచార్యునకు ఆగ్రహము కలిగెను. తత్ఫలితముగ ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.యస్. మాత్రమే లభించెను.

సోదరులిద్దరును కొలది దినముల యెడముతో సంగ్రహణికి బలియైరి. కొంతకాలమునకు ఆయనను కూడ అదే రోగము పట్టెను. పాశ్చాత్య వైద్యము చేయలేని మేలు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కలిగెను. ఆరోగ్యము చేకూరినను సుబ్బారావు మనసు కుదుటపడలేదు. రోగమేల వచ్చెను? ఏ పదార్థము కొఱవడి దేహము శుష్కించెను? ఈ ప్రశ్నలు ఆయనను విడువలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, మామగారి సాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి తోడ్పాటుతోను 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము చేరెను. భార్య శేషగిరి స్వదేశముననే యుండిపోయెను. ఆయన మఱల తిరిగిరాలేదు.

హార్వర్డు విద్యాపీఠమున ఉష్ణమండల వ్యాధులను గూర్చి చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో చిన్నపనులు చేసెను. సైరస్ ఫిస్కేతో కూడి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరములకు శక్తినిచ్చు పదార్థములను గుర్తించుటలోను వారి కృషి ప్రసిద్ధము. 1940లో లెడర్లే పరిశోధనాలయమున చేరినపిదప పాత ప్రశ్న మఱల ముందుకు వచ్చెను.

లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారముతో నయము చేసి, 1931లో ఆ సంగతిని ప్రకటించియుండెను. అందలి గుణకారి పదార్థమే ఫోలిక్ ఆమ్లము. 1945లో సుబ్బారావు బృందము దానిని ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేసెను. వెనువెంటనే టామ్ స్పీస్ మున్నగు వైద్యులు దానిని స్ప్రూ రోగులకిచ్చి చూచిరి. రోగుల రక్తము వృద్ధినొందెను, నాలుక పుండ్లు మానెను, ఆకలి పుట్టెను. 1948లో ఆయన పర్యవేక్షణలోని పరిశోధనాలయమునుండియే ఆరియోమైసిన్ వెలువడెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదియే మొదటిది. నేడు ఉష్ణమండల స్ప్రూకు ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లినును కలిపి కొన్ని నెలలపాటు ఇచ్చుదురు. సోదరులను రక్షింపజాలని వాని శ్రమనుండియే ఆ రోగమునకు తగిన మందులు పుట్టినవి. ఆయన మాత్రము 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, న్యూయార్కు ప్రాంతమున కన్నుమూసెను.

ఈ చరిత్ర మందుల కథతో ముగియదు. కడుపునొప్పి, అకారణముగ బరువు తగ్గుట అను లక్షణములు ప్రేగుల క్షయయందును, పురుగుల బాధయందును, పుట్టకుఱుపునందును కనిపించును. కావున రక్తము, మలము, స్కానింగు, ఎండోస్కోపీతో తీసిన ప్రేగు ముక్క, వీనిలో అవసరమైనవానిని పరీక్షింపక రోగమునకు పేరు పెట్టరాదు. ఫోలిక్ ఆమ్లమునైనను తోచినట్లు వాడరాదు. బి12 విటమిను లోపమున్నచో అది రక్తహీనతను కప్పిపుచ్చును. నరములకు లోలోపల హాని సాగుచునే యుండును.

సుబ్బారావు సోదరులకు పరీక్ష చేయువారే కఱవైరి. నేడట్లు కాదు. ఒకప్పుడు పెద్ద వైద్యమునకై హైదరాబాదు ప్రయాణము కట్టవలసిన పాలమూరు సీమలోనే 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులందును, 2024లో గద్వాలయందును ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. తరగతిలో ఒక బాలుడు నెలనెలకు చిక్కిపోవుచుండినచో, ముందుగా గమనించు కన్నులు ఉపాధ్యాయునివే. దిష్టి తగిలెనని, తిండి సరిపోలేదని సరిపెట్టుకొనక, ఆ బాలుని తల్లిదండ్రులను వైద్యునికడకు పంపుట యొక ప్రాణమును నిలుపవచ్చును.