నాణెములు చదివిన టంకశాలాధికారి

పాత వెండి నాణెము టంకశాలకు చేరినచో దానికి మిగిలిన గతి మూసయే. దానిపై నున్న రాజు పేరు, బిరుదు, ఏలుబడి సంవత్సరము అన్నియు కరిగి ముద్ద యగును. అట్టి మూసల నడుమ దాదాపు ఇరువది ఏండ్లు కొలువు చేసిన యొక ఉద్యోగి, తీరిక వేళల నాణెములను సేకరించి, దేశము మరచిపోయిన రెండు లిపులను మరల చదువగలిగెను. ఆయనయే జేమ్స్ ప్రిన్సెప్.

ప్రిన్సెప్ 1799 ఆగష్టు 20వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. వాస్తుశిల్పి కావలెనని ఆయన తొలి కోరిక. కంటిజబ్బు వలన ఆ చదువు సాగలేదు. అంతట రసాయనశాస్త్రమును, లండను టంకశాలలో లోహపరీక్షను అభ్యసించి 1819లో కలకత్తా చేరెను. మరుసటి ఏడు కాశీ టంకశాలలో లోహపరీక్షాధికారియై, 1830లో అది మూతపడు వరకు అచటనే పనిచేసెను. పిమ్మట కలకత్తాకు వచ్చి, 1832లో హోరేస్ హేమన్ విల్సన్ పదవిని స్వీకరించెను. ఒక గ్రెయినులో 3000వ వంతును సైతము తూచగల త్రాసును రూపొందించిన నేర్పరి ఆయన.

ఆ కాలమున సీమకొక రూపాయి చెల్లుచుండెను. బరువు వేరు, వెండి పాలు వేరు. మార్పిడిలో లాభము షరాబులది, నష్టము సామాన్యులది. దేశమంతటికి ఒకే నాణెము ఉండవలెనని ప్రిన్సెప్ పట్టుదలతో వాదించెను. 1835 చట్టముతో అది నెరవేరెను. 180 గ్రెయినుల తూకము, పన్నెండు పాళ్ళలో పదునొకండు పాళ్ళు మేలిమి వెండిగల రూపాయి వెలువడెను. ఆ రూపాయి ఎత్తే తులము. ప్రజలకు మేలైన ఈ మార్పే పాత నాణెములకు గండమయ్యెను. అవి క్రమముగా చలామణి తప్పి కరగుటకు పోసాగెను. అయితే 1834లోనే ప్రిన్సెప్ తాను ప్రకటించిన పట్టికలలో నానా సీమల నాణెముల వివరములను నమోదు చేసియుంచెను.

1832లో ఆయన ఆసియాటిక్ సొసైటీ పత్రికను స్థాపించిన పిదప దేశపు నలుమూలల నుండి నాణెములు ఆయనకు చేరసాగెను. కాబూలునకు ఉత్తరమున నున్న బెగ్రాము నుండి చార్లెస్ మాసన్ సేకరించినవి వాటిలో ముఖ్యములు. ప్రిన్సెప్ నాణెముల బొమ్మలను స్వయముగా గీసి, పలకలపై చెక్కి, పంపినవారి పేర్లతో ప్రకటించుచుండెను. గ్రీకు రాజుల వెండి, రాగి నాణెములపై ఒక వైపున గ్రీకు అక్షరములు, రెండవ వైపున ఎవరికిని తెలియని అక్షరములు కలవు. రెంటను ఉన్నవి ఒకే పేర్లని మాసన్ గుర్తించి తెలుపగా, ప్రిన్సెప్ ఆ దారినే ఖరోష్ఠీ అక్షరములను ఒక్కొక్కటిగా తేల్చెను.

1837లో సౌరాష్ట్ర క్షత్రపుల చిన్న వెండి నాణెములు ఆయన ముందునకు వచ్చెను. రాజు పేరుతోపాటు తండ్రి పేరును తెలుపుట వాటి విశేషము. వాటిని పేర్చినచో వంశక్రమమే నిలిచెను. ఆ ఏటనే సాంచి స్తూపపు దాన శాసనములలో ప్రతిదాని చివరను ఒకే మాట ఉండుట గమనించి, అది దానమను పదమని గ్రహించి, బ్రాహ్మీ లిపి రహస్యమును ఛేదించెను. స్తంభశాసనములలోని ప్రియదర్శిని మొదట సింహళ రాజని పొరబడెను. జార్జి టర్నర్ పాలి గ్రంథముల ఆధారముతో ఆయన అశోకుడేనని చూపగా, ప్రిన్సెప్ సంతోషముగా తన మాటను దిద్దుకొనెను.

పగలు కొలువు, రాత్రి నాణెములు, నడుమ పత్రిక పని. ఈ భారమును దేహము మోయలేకపోయెను. 1838లో తీవ్రమైన తలనొప్పి ఆరంభమయ్యెను. ఆ ఏడాది చివర స్వదేశమునకు ఓడ నెక్కెను గాని, మేధ మరల కోలుకొనలేదు. 1840 ఏప్రిల్ 22వ తేదీన లండనులో కన్నుమూసెను. అప్పటికి వయస్సు నలుబదియే. ఆయన నాణెములు 1847లో బ్రిటిష్ మ్యూజియమునకు చేరెను. కలకత్తాలో హుగ్లీ ఒడ్డున ఆయన పేర కట్టిన ఘట్టము నేటికిని నిలిచియున్నది.

1906లో నాసిక్ చెంత జోగల్‌తెంబి గ్రామమున 13 వేలకు పైగా వెండి నాణెములు బయల్పడెను. అవి క్షహరాత నహపానునివి. వాటిలో ఎక్కువ పాలు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రతో తిరిగి అచ్చొత్తించినవి. నహపానుని నాణెముపై నున్నవి గ్రీకు, ఖరోష్ఠీ, బ్రాహ్మీ లిపులు. ఒక శాతవాహన రాజు గెలుపును ఆ వెండి బిళ్ళలే చెప్పినవి. వాటిని చదువుటకు పండితులకు ఎవరి సాయమును వెదకవలసిన పని లేకపోయెను; కలకత్తా టంకశాల ఉద్యోగి దాదాపు 70 ఏండ్ల క్రిందటనే ఆ అక్షరములు నేర్పి వెళ్ళెను.