స్ఫటికములోని లెక్క

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం గారు హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టము పుచ్చుకొని, 1928లో కలకత్తా వెళ్లి రామన్ గారి శిష్యులైరి. రామన్ ఫలితము లోకమునకు తెలిసిన సంవత్సరమది. 1931లో గురుశిష్యులు కాంతికణమునకు భ్రమణమున్నదని ప్రయోగమున చూపిరి.

మరుసటి యేట వారు వాల్తేరు చేరిరి. అచ్చట చేపట్టిన విషయమే వారి జీవితమునకు సారము. పదార్థపు గుణము పరమాణువుల అమరికను బట్టి యుండును. అమరిక తెలిసినచో కొలువకమునుపే కొంత చెప్పవచ్చును. కేంద్రసౌష్ఠవము గల స్ఫటికమును ఎంత నొక్కినను విద్యుత్తు పుట్టదు. ఏ సౌష్ఠవమును లేని స్ఫటికమునకు స్థితిస్థాపక స్థిరాంకములు 21, వజ్రమునకు మూడే. ఈ లెక్కకు సాధనమైన సమూహ సిద్ధాంతముపై టి. వెంకటరాయుడు గారితో కలిసి 1948లో గ్రంథము వెలువరించిరి. వజ్రపు ఆ మూడింటిని భీమసేనాచార్ గారితో కలిసి అతిధ్వని తరంగములతో కొలిచిరి. 1957లో అమెరికాలో తీసిన కొలతలు వేరుగా తేలినవి, నిజమే. కాని మూడే యుండునన్న లెక్క చెక్కుచెదరలేదు.

1952లో ఉస్మానియా ఉపాధ్యక్షత, 1957లో బెంగుళూరు విజ్ఞాన సంస్థ, 1961లో రక్షణమంత్రికి శాస్త్రసలహా. వారి హయాముననే 1963లో హైదరాబాదున రక్షణ లోహ పరిశోధనాలయము వెలసినది. పదవులు శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు దూరము చేయును. దేశమునకు లాభమే కావచ్చు, భౌతికశాస్త్రమునకు నష్టమని మా తలంపు. అయినను ఆ ఒత్తిడి నడుమనే, 1966లో, స్ఫటిక సౌష్ఠవముపై వారి గ్రంథము వెలువడినది. వారు 1989లో కీర్తిశేషులైరి. హైటెక్ సిటీ చెంత గచ్చిబౌలి విశ్వవిద్యాలయమున నేడు పదార్థములను పరిశోధించు యువకులకు ఆ లెక్క నిత్యావసరమే. పేరు మాత్రము ఎందరికి తెలియునో!